ఎకోలింక్ రివ్యూ: యాంటెన్నా లేని హ్యామ్‌కి ఇది సరిపోతుందా?

అందరికీ నమస్తే. ఇవాళ టేబుల్ మీద కొత్త రేడియో ఏదీ లేదు. 2002లో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, ఎకోలింక్. ఇంత పాతదానికి ఇప్పుడు రివ్యూ ఏంటి అంటారా? హ్యామ్ రేడియో, అంటే ఔత్సాహిక రేడియో లైసెన్స్ వచ్చింది, కాల్‌సైన్ (గాలిలో మీ గుర్తింపు పేరు) ఉంది, యాంటెన్నా కట్టే వీల్లేదు. అలాంటివాళ్లకి అందరూ ముందు చెప్పే పేరు ఇప్పటికీ ఇదే. అందుకే.

హ్యాండీ సెట్‌తో, అంటే చేతిలో పట్టుకునే రేడియోతో, నేరుగా మాట్లాడితే ఎంతో దూరం వెళ్లదు. కొండ మీద రిపీటర్, అంటే మీ సిగ్నల్ అందుకుని మళ్లీ బలంగా పంపే స్టేషన్ ఉంటే ఇంకాస్త. ఆ రిపీటర్‌కి ఒక కంప్యూటర్ తగిలించి, దాని ఆడియోని ఇంటర్నెట్ మీదుగా ఇంకో ఖండంలో ఉన్న రిపీటర్‌కి పంపిస్తే? ఎకోలింక్ చేసేది అదే. జొనాథన్ టేలర్ అనే హ్యామ్ దీన్ని రాశారు, ఆయన కాల్‌సైన్ కే1ఆర్ఎఫ్‌డీ. లైసెన్స్ కాపీ పంపి కాల్‌సైన్ వ్యాలిడేట్ చేయించుకుంటే తప్ప లోపలికి రానివ్వరు. అది మంచిదే.

స్క్రీన్ చూడండి. కాల్‌సైన్ చివర -ఎల్ ఉంటే సింప్లెక్స్ లింక్ (ఒకే ఫ్రీక్వెన్సీ మీద వింటూ, పంపుతూ ఉండే సెట్‌ని నెట్‌కి కలిపింది), -ఆర్ ఉంటే రిపీటర్, రెండూ లేకపోతే కంప్యూటర్ ముందో ఫోన్ పట్టుకునో కూర్చున్న మనిషి. అటూ ఇటూ నక్షత్రం గుర్తులు ఉన్నవి కాన్ఫరెన్సులు, చాలామంది ఒకేసారి చేరేవి. కొత్తవాళ్లు ఆవేశపడి ముందు వీటిలోకే దూకుతారు. వద్దు. ముందు 9999కి కనెక్ట్ అవ్వండి. అది ఎకోటెస్ట్ సర్వర్. మీరు మాట్లాడింది మీకే తిరిగి వినిపిస్తుంది. పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కి మామూలు గొంతుతో మాట్లాడండి, లెవెల్ మీటర్ మీద కన్నేసి ఉంచండి. చివరికంటా కొట్టుకుంటోందా? మైక్ తగ్గించండి. మీ గొంతు పగిలినట్టు వినిపిస్తే అవతల రిపీటర్ మీద కూడా అలాగే వినిపిస్తుంది, కాకపోతే పాపం మొహమాటానికి ఎవరూ చెప్పరు.

ఇక కనెక్షన్ గొడవ. కంప్యూటర్‌లో నేరుగా వాడాలంటే రూటర్‌లో యూడీపీ 5198, 5199 పోర్టులు మీ మెషీన్‌కి ఫార్వర్డ్ చేయాలి. ఒకే పబ్లిక్ ఐపీ వెనక రెండు ఎకోలింక్‌లు నేరుగా పనిచేయవు. రూటర్ జోలికి పోలేనివాళ్లకి ప్రాక్సీ, అంటే మధ్యవర్తి సర్వర్ ఉంది. ఒక పబ్లిక్ ప్రాక్సీని ఒకసారి ఒక్కరే వాడగలరు కాబట్టి ఖాళీది వెతుక్కోవాలి. ఫోన్ యాప్‌లో రిలే ఆప్షన్ పెట్టుకుంటే ఈ టెన్షన్ లేదు.

ఇప్పుడు అసలు కష్టం, సొంతంగా లింక్ పెట్టడం. ఒక సెట్, కంప్యూటర్, మధ్యలో ఇంటర్‌ఫేస్. పాత హ్యాండీ ఉంది కదా, అదే పెట్టేద్దాం అనుకుంటారు. కాన్ఫరెన్స్‌లో అవతలివాళ్లు ఆపకుండా మాట్లాడుతుంటే మీ సెట్ ఆపకుండా ట్రాన్స్‌మిట్ చేస్తూనే ఉంటుంది. చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. పవర్ తగ్గించి వాడండి. ఇంకొకటి, వాక్స్‌ని, అంటే శబ్దం వస్తే చాలు మాట మొదలైందనుకునే పద్ధతిని నమ్ముకోకండి. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు గురగురని మూసేసే సర్క్యూట్) సిగ్నల్ తీగని తీసుకొచ్చి ఇంటర్‌ఫేస్‌కి ఇవ్వండి, దాంతోపాటు సీటీసీఎస్ఎస్ టోన్ (మాట కింద సన్నగా వెళ్లే గుర్తింపు టోన్) పెట్టండి. టోన్ లేని లింక్‌లో స్క్వెల్చ్ గురగురకే తెరుచుకుంటే, ఆ చప్పుడు కాన్ఫరెన్స్‌లో ఉన్న అందరి నెత్తినా పడుతుంది. అవతలివాళ్లు మిమ్మల్ని మ్యూట్ చేసినా తప్పు పట్టలేం.

మాట్లాడే పద్ధతి కూడా మారాలి. పీటీటీ నొక్కగానే మొదలెట్టకండి, ఒక సెకను ఆగండి. దారిలో ప్రతి ట్రాన్స్‌మిటర్ లేవాలి, ప్రతి రిసీవర్ టోన్ పట్టుకోవాలి. ఈలోగా మీ కాల్‌సైన్‌లో మొదటి అక్షరం ఎగిరిపోతుంది. ఎదుటివాళ్లు ముగించాక కూడా కాస్త గ్యాప్ ఇవ్వండి. సింప్లెక్స్ లింక్ ట్రాన్స్‌మిట్ చేస్తున్నంతసేపూ దానికి ఏమీ వినపడదు. అక్కడ ఎవరైనా డిస్కనెక్ట్ చేయడానికి డీటీఎంఎఫ్ (కీప్యాడ్ టోన్లు) కొట్టాలన్నా ఆ ఖాళీలోనే కొట్టాలి.

పోటీ సంగతి క్లుప్తంగా చెప్తాను. రిపీటర్లని నెట్‌తో కలిపే ఇంకో వ్యవస్థ ఐఆర్ఎల్‌పీ. దాన్ని 1997లో కెనడాలో డేవిడ్ కామెరాన్ మొదలుపెట్టారు. అందులో కంప్యూటర్ ముందు కూర్చుని మాట్లాడే వీలు లేదు, రేడియోతోనే రావాలి. "ఇంటర్నెట్‌లో మాట్లాడితే అది హ్యామ్ రేడియో ఎలా అవుతుంది" అని వాదించేవాళ్లకి అది నచ్చుతుంది. నన్నడిగితే ఒక చివరైనా గాలిలోకి వెళ్తే చాలు. రెండు చివర్లూ ఫోన్లే అయితే మాత్రం అది మామూలు ఇంటర్నెట్ కాలే, ఒప్పుకుందాం. ఆల్‌స్టార్ కూడా రిపీటర్లని కలిపేదే, కానీ వేరే తరహా. ఆస్టరిస్క్ అనే టెలిఫోన్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ చాలు, ఆడియో శుభ్రంగా ఉంటుంది. కాకపోతే లినక్స్ అంటే భయం ఉండకూడదు.

మార్కులు. తేలిగ్గా మొదలుపెట్టడానికి పదికి తొమ్మిది. ఆడియోకి ఆరే, జీఎస్ఎమ్ కోడెక్ పిండేసిన గొంతు కదా. కంప్యూటర్ వెర్షన్ రూపురేఖలకి మూడు, అదీ జాలిపడి. వినడానికి, మాట్లాడడానికి అయితే ఎకోలింక్ వేసుకోండి. సొంత రిపీటర్‌ని నెట్‌కి కలపాలంటే నేను ఆల్‌స్టారే పెడతాను. ఏది పెట్టినా, మనిషి పక్కన లేకుండా నడిచే లింక్‌కి మీ లైసెన్స్‌లో అనుమతి ఉందో లేదో చూసుకుని సెట్ ఆన్ చేయండి.