తల్లి పిలుపుకు వేళ ఎవరిస్తారు?

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. అయ్యగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్ళకు వందనాలు. మదర్స్ డే ఆదివారం కదా, గుణవతియైన భార్యను పొగిడే సామెతలు 31 చదువుతానని అనుకుంటున్నారేమో. చదవను. ఏటా చదువుతూనే ఉన్నాం, చేతికో గులాబీ ఇచ్చి ఇంటికి పంపిస్తూనే ఉన్నాం. తల్లులకు వాక్యానికి, పరిచర్యకు వేళ ఎవరిస్తారన్నదే ఈ రోజు నా మాట.

సమూయేలు ప్రవక్త తల్లి హన్నాతో మొదలుపెడతాను. సమూయేలు పాలు మానేదాకా ఆమె ఏటేటి బలికి దేవుని మందిరం ఉన్న షిలోహుకు వెళ్ళలేదు. నీకు ఏది మంచిదని తోస్తే అది చెయ్యమన్నాడు ఆమె భర్త ఎల్కానా. మొదటి సమూయేలు 1:23. మగవాళ్ళ కూడికల్లో ఈ వాక్యం మీద ప్రసంగం ఎందుకు చెప్పరో మరి! సరే.

సుసన్నా వెస్లీ దగ్గరికి వస్తాను. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే ఊళ్ళో గురువుగారి భార్య. 19 మంది బిడ్డల్ని కన్నది, దాదాపు సగం మంది పసితనంలోనే పోయారు. పిల్లవాడికి ఐదేళ్ళు నిండిన మర్నాడే ఇంట్లో ఆమె దగ్గర బడి. ఆ ముందురోజు ఏం చేసేదో వినండి. ఇల్లంతా సర్దించి, ఎవరి పని వాళ్ళకు అప్పగించి, తొమ్మిది నుంచి పన్నెండు దాకా, రెండు నుంచి ఐదు దాకా బడి జరిగే గదిలోకి ఎవరూ రాకూడదని గట్టిగా చెప్పేది. బడి మొదలైన ఆ ఒక్క రోజులో అక్షరాలన్నీ వచ్చేసేవి. ఇద్దరు ఆడపిల్లలకు మాత్రం రోజున్నర పట్టింది. తర్వాత ఆదికాండం మొదటి అధ్యాయం. మనం ఆమె ఓర్పును పొగుడుతాం. ఆ మూసిన తలుపును పట్టించుకోం.

1706లో మన తమిళ తీరాన తరంగంబాడికి డెన్మార్క్ రాజు పంపగా వచ్చిన మిషనరీల వృత్తాంతం ఆమె చదివింది. నేను మగవాణ్ణి కాను, గురువును కాను, అయినా ఇంతకంటే ఎక్కువ చేయగలను కదా అనుకుంది. దేశాంతరం పోలేదు. వారంలో ఒక్కో రాత్రి ఒక్కో బిడ్డకు కేటాయించింది. సోమవారం మాలీ, గురువారం జాన్, శనివారం చార్లెస్. భర్త లండన్‌లో ఉండగా ఆదివారం సాయంత్రాలు ఇంట్లోవాళ్ళకు ప్రసంగం చదివి వినిపిస్తే ఊరివాళ్ళు వచ్చి చేరారు. ముప్ఫై నలభై మంది కాస్తా రెండు వందలు దాటారు. సహాయ గురువు ఫిర్యాదు రాశాడు. ఆపేస్తే బాగుంటుందని భర్త రాశాడు. 1712 ఫిబ్రవరిలో ఆమె జవాబిచ్చింది: కోరుతున్నానని రాయకండి, ఆపమని తేటగా ఆజ్ఞ ఇవ్వండి, తీర్పు దినాన మనిద్దరం నిలబడినప్పుడు ఆ దోషం నా మీద ఉండకూడదు. ఆజ్ఞ రాలేదు!

మరి మనం? స్త్రీల కూడిక సాయంత్రం ఆరింటికి పెడతాం. అది కుక్కర్ పెట్టే వేళ, హోంవర్క్ వేళ. చంటిబిడ్డ ఏడిస్తే వరండాలోకి పంపుతాం. ఆపైన, ఈ చిన్న కోడళ్ళకు పరిచర్య మీద ఆసక్తి లేదంటాం.

అమ్మలూ, బిడ్డ నిద్రపోయే వేళను మీ వాక్య ధ్యానానికి నమ్ముకోకండి. నిద్ర ఏ నిమిషాన చెడుతుందో తెలియదు, ప్రతి అలికిడికీ చెవి అటే పోతుంది. ఇంకో పెద్ద మనిషి బిడ్డను పూర్తిగా చూసుకునే గంట కావాలి. వారానికి ఒక్కటైనా చాలు. ఏ రోజు, ఎన్నింటికి అన్నది భర్తతో, అత్తగారితో ముందే తేల్చుకోండి. "వీలు చూసి" అన్నారంటే వీలు రాదు. పాలు పట్టి, పొడి బట్టలు బయటపెట్టి తలుపు వేసుకోండి. ఆ గంటలో ఒక్క పనే. సండే స్కూల్ పాఠమైతే పాఠమే, ఫోన్ కాదు.

సంఘ పెద్దలారా, కూడిక జరిగేటప్పుడు పిల్లల దగ్గర ఇద్దరుండాలి. ఒక్కరే ఉంటే, ఒక బిడ్డను బాత్రూముకు తీసుకెళ్ళగానే మిగతావాళ్ళు గేటు దగ్గర ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు మగవాళ్ళైనా ఫర్వాలేదు, ప్రభువు చిన్నపిల్లల్ని ఎత్తుకున్నాడు. ఉద్యోగాలకు వెళ్ళే తల్లుల కోసం ఆదివారం ఆరాధన అవగానే ముప్పావుగంట కూడిక పెట్టండి. పక్క గదిలో చాపలు వేయండి, మంచినీళ్ళు పెట్టండి. సెక్రటరీ గారూ, గులాబీల డబ్బులు మిగిలాయని విన్నాను. చాపలకు సరిపోతాయి. ఈ ఆదివారం ఎవరెవరు కూర్చుంటారో పేర్లు ఇప్పుడే రాసుకోండి.