మీ గ్రంథాలయంలోని కోహాకు గడువు ఎప్పుడు?

నమస్కారం. ఈ వీడియో చూస్తున్నవారిలో లైబ్రేరియన్లు ఎవరైనా ఉంటే ముందు ఒక పని చేయండి. పుస్తకాల జాబితా, ఇచ్చిపుచ్చుకోవడం చూసుకునే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహాలోకి లాగిన్ అయి, దాని గురించిన సమాచారం ఉండే పేజీ తెరవండి. అక్కడ వెర్షన్ సంఖ్య ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి.

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు వనపర్తి, మహబూబ్‌నగర్ వైపు నేను చూసిన కళాశాల గ్రంథాలయాల్లో కోహా ఎలా వచ్చిందో చెబుతాను. కళాశాలలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ బృందం వస్తోందని తెలుస్తుంది. హడావిడి మొదలవుతుంది. ఎవరో ఒకరు వచ్చి పాత కంప్యూటర్‌లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద కోహా వేసి వెళతారు. పుస్తకాలకు బార్‌కోడ్‌లు అంటిస్తారు. బృందం వస్తుంది, చూస్తుంది, వెళ్లిపోతుంది. కంప్యూటర్ మాత్రం ఆ మూలనే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఏ వెర్షన్ అని లైబ్రేరియన్‌ను అడిగితే "కోహాయే కదా సార్" అంటారు. ఆయనను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, తెర కూడా చెప్పలేదు.

ఇప్పుడు ఆ సంఖ్య చదువుదాం. 22.11.08 అని ఉందనుకోండి. 2022 సంవత్సరం, పదకొండో నెల, అంటే నవంబరు విడుదల. చివరి 08 ఆ విడుదలకు తర్వాత వచ్చిన ఎనిమిదో సవరణ. కోహా ఏటా మేలో ఒకటి, నవంబరులో ఒకటి విడుదలవుతుంది. ఈ పద్ధతి 2016 మేలో వచ్చిన 16.05తో మొదలైంది. అంతకుముందు 3.20, 3.22 అని ఉండేవి. మీ కాగితం మీద మూడుతో మొదలయ్యే సంఖ్య ఉంటే, వీడియో మిగతా భాగం తర్వాత చూడవచ్చు, ముందు మీ డేటాకు బ్యాకప్ తీసుకోండి. మధ్యలో 06 గానీ 12 గానీ ఉంటే అది డెవలపర్లు ఇంకా తయారుచేస్తున్న రూపం. రోజూ పుస్తకాలిచ్చే చోట అది ఉండకూడదు.

మన పత్తి రైతు విత్తనాల ప్యాకెట్ తిప్పి చూస్తే అందులో గడువు తేదీ కూడా ఉంటుంది. కోహా సంఖ్యలో పుట్టిన నెల ఉంది, గడువు లేదు. నా ఫిర్యాదంతా ఇదే.

గడువు ఎందుకంటే, ఒక్కో విడుదలను చూసుకునే బాధ్యతను కోహాను తయారుచేసే డెవలపర్ల సమూహంలో ఒకరు తీసుకుంటారు. దొరికిన లోపాలను, ముఖ్యంగా భద్రతా లోపాలను సరిచేసి దాదాపు నెలనెలా సవరణ విడుదల చేస్తారు. మామూలు విడుదలకు ఇది సుమారు ఏడాది, ఏడాదిన్నర సాగుతుంది. 22.11, 24.11 లాంటి కొన్నింటిని దీర్ఘకాల మద్దతు విడుదలలుగా ఎంచి ఇంకా ఎక్కువ కాలం చూస్తారు. ఆ తర్వాత ఆ విడుదలకు ఎవరూ ఉండరు. సాఫ్ట్‌వేర్ ఆగిపోదు, పుస్తకం ఇస్తుంది, తీసుకుంటుంది, జరిమానా లెక్కగడుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఇంకో చిక్కు పేర్లలో ఉంది. కోహాను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లకు, అంటే ప్యాకేజీలకు స్టేబుల్, ఓల్డ్‌స్టేబుల్, ఓల్డ్‌ఓల్డ్‌స్టేబుల్ అని పేర్లు. ఈ పేర్లు ఒకే విడుదలకు అంటిపెట్టుకుని ఉండవు. ఈ రోజు స్టేబుల్ అన్నది ఆరు నెలలకు ఓల్డ్‌స్టేబుల్ అవుతుంది. "మాది స్టేబుల్" అని రిజిస్టర్‌లో రాసి పెట్టుకున్నవారికి వచ్చే ఏడాది ఆ మాటతో ప్రయోజనం లేదు. సర్వర్‌లో ప్యాకేజీల చిరునామా దగ్గర స్టేబుల్ అని ఉంటే, ఎవరైనా ఉబుంటును అప్‌డేట్ చేసిన రోజున కోహా కూడా తర్వాతి పెద్ద విడుదలకు వెళ్లిపోవచ్చు. ఒకసారి డేటాబేస్ కొత్త రూపంలోకి మారితే వెనక్కి రావడానికి మీట లేదు, పాత బ్యాకప్ ఒక్కటే దారి. అందుకే అక్కడ సంఖ్యనే రాయించండి.

నన్ను అడిగితే, లాగిన్ కాగానే లైబ్రేరియన్‌కు ఒక వాక్యం కనిపించాలి. మీ వెర్షన్ ఇది, దీనికి సవరణలు ఫలానా నెల వరకు వస్తాయి, తర్వాత మీరు వెళ్లవలసింది ఫలానా దానికి. ఎర్ర చుక్క, పచ్చ చుక్క చాలవు. నెల పేరు కావాలి, ఎందుకంటే ప్రిన్సిపాల్ దగ్గరికి నోట్ పెట్టాలంటే చుక్క పనికిరాదు. స్వచ్ఛందంగా పనిచేసేవారు ముందే తేదీకి ఎలా కట్టుబడతారని కొందరు డెవలపర్లు అడగవచ్చు. న్యాయమే. "సుమారుగా" అని రాయండి, మారితే మార్చండి. ఏమీ రాయకపోవడం కన్నా అది మేలు. అసలు కోహా పుట్టిందే ఇలాంటి ఇబ్బందిలోంచి. న్యూజిలాండ్‌లోని హొరోఫెనువా గ్రంథాలయాల పాత వ్యవస్థ 2000 సంవత్సరపు తేదీలను తట్టుకోలేదని తేలడంతో దీన్ని రాయించుకున్నారు. 2000 జనవరిలో వాడకం మొదలైంది.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మీ కోహా గ్రంథాలయం నాలుగు గోడల మధ్య నెట్‌వర్క్‌లోనే ఉంటే ప్రమాదం తక్కువ. బయటి నుంచి కూడా తెరుచుకునేలా ఉంటే మాత్రం విద్యార్థుల చిరునామాలు, ఫోను నంబర్లు అందులో ఉన్నాయని గుర్తుంచుకోండి. కింద ఉన్న ఉబుంటు సంగతీ చూడండి. 18.04కు సాధారణ మద్దతు 2023 మేలోనే ముగిసింది. కొత్త కోహా పాత ఉబుంటు మీద ఎక్కదు కాబట్టి చాలాచోట్ల అసలు పని అక్కడే ఉంటుంది.

ఎప్పుడు మార్చాలి? మన దగ్గర మే నెల. కళాశాలలు ఖాళీ. కానీ ఆ నెలలో కొత్తగా వచ్చేదాని జోలికి వెళ్లకండి, అంతకుముందు నవంబరులో వచ్చినది తీసుకోండి. అప్పటికి దానికి నాలుగైదు సవరణలు వచ్చి కుదురుకుని ఉంటుంది. కోహా రోజూ తనంతట తాను బ్యాకప్ తీస్తుంది, కానీ అదే కంప్యూటర్‌లో పెడుతుంది, పాతవాటిని చెరిపేస్తుంది. దాన్ని వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి, పుస్తకాల సంఖ్య యాక్సెషన్ రిజిస్టర్‌తో, అంటే వచ్చిన ప్రతి పుస్తకాన్ని వరుస నంబరుతో రాసే పుస్తకంతో సరిపోయిందో లేదో చూశాకే అసలు సర్వర్ మీద చెయ్యి వేయండి. యూపీఎస్ బ్యాటరీ కూడా చూసుకోండి, నల్లగొండ ఎండల్లో కరెంటును నమ్మలేం.

ఏటా నిర్వహణకు ఎవరికైనా డబ్బు కడుతున్నారా? ఈసారి బిల్లు మీద సంతకం పెట్టే ముందు, వెర్షన్ సంఖ్య, దానికి మద్దతు ఎప్పటి వరకు అన్నది ఆ బిల్లులోనే రాయించుకోండి. రాయలేమంటే ఎందుకు రాయలేరో అడగండి.