రాక్‌ఫెల్లర్‌ది ఏ ఊరు? ఒక అరుదైన జర్మన్ ఇంటిపేరు మూలం పట్టుకునే పద్ధతి

మాధవి: నమస్కారం. ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ఇంటిపేరు మీద. రోకెన్‌ఫెల్లర్. అమెరికా వెళ్ళాక అది చమురు కుబేరుల పేరు రాక్‌ఫెల్లర్ అయింది కాబట్టి లోకమంతటికీ తెలుసు. పుట్టిన దేశంలో మాత్రం ఆ పేరున్న కుటుంబాలు చాలా తక్కువ. ఉన్నవి కూడా ఎక్కువగా రైన్ నది ఒడ్డున, నొయ్‌వీడ్ అనే పట్టణం చుట్టుపక్కలే. శ్రీధర్ గారూ, ఎక్కడ మొదలుపెడదాం?

శ్రీధర్: మ్యాప్ దగ్గర. అర్థం జోలికి ఇప్పుడే వెళ్ళొద్దండీ. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. పేరు చూడగానే ముక్కలు చేసి, నిఘంటువు తీసి, ఒక్కో ముక్కకూ అర్థం వెతుకుతారు. రోకెన్ అంటే నూలు వడికే కదురుకర్ర అని ఉంటుంది. ఫెల్ అంటే జంతు చర్మం. ఇంకేం, వీళ్ళ పూర్వీకులు తోళ్ళ వ్యాపారులనో, వడికేవాళ్ళనో తేల్చేస్తారు. అదంతా గాలిమేడ.

మాధవి: రాక్‌ఫెల్లర్ల విషయంలో ఫ్రాన్స్ కథ కూడా ఒకటి ఉంది కదా?

శ్రీధర్: ఉందండీ. ఫ్రాన్స్‌లోని రోక్‌ఫోయ్ అనే కులీన వంశం వాళ్ళే మతహింసకు తాళలేక జర్మనీ వచ్చారని. శబ్దం కాస్త కలిసింది, వంశానికి గొప్ప కూడా వచ్చింది, అందుకే ఆ కథ నిలబడింది. కానీ ఆ పేరున్నవాళ్ళు జర్మనీలో ఎక్కడ గుమిగూడి ఉన్నారో చూస్తే దాని అవసరమే కనిపించదు. నొయ్‌వీడ్ దగ్గరే రోకెన్‌ఫెల్డ్ అనే పల్లె ఉండేది. ఇప్పుడు అక్కడ జనం లేరు, ఊరు ఖాళీ అయిపోయింది. ఆ ఊరి నుంచి వచ్చినవాడు రోకెన్‌ఫెల్లర్.

మాధవి: ఊరి పేరు చివర 'ఫెల్డ్', ఇంటిపేరులో 'ఫెల్లర్'. ఆ 'డ్' ఏమైంది?

శ్రీధర్: ఊరి పేరుకు 'అర్' చేరిస్తే ఆ ఊరివాడు అని వస్తుంది. అలా ముందు రోకెన్‌ఫెల్డర్. ఆ ప్రాంతపు మాటతీరులో 'ల్డ్' అనే జంట 'ల్ల్' అయిపోతుంది, అలా ఫెల్లర్. ఇది నోటి మాటలో సహజంగా వచ్చే మార్పు, రాతలో దొర్లిన తప్పు కాదు. కాబట్టి పాత రికార్డుల్లో వెతికేటప్పుడు రెండు రూపాలనూ వెతకాలి.

మాధవి: ఇది తెలుగువాళ్ళకు చప్పున అందే సంగతి. కందుకూరు కందుకూరి అయింది, టంగుటూరు టంగుటూరి అయింది. పైగా వీరేశలింగం గారి కుటుంబం ఉన్నది రాజమండ్రిలో, కందుకూరులో కాదు.

శ్రీధర్: అసలు సూత్రమే అదండీ. రోకెన్‌ఫెల్డ్‌లో ఉన్నవాడిని రోకెన్‌ఫెల్లర్ అని ఎవరూ పిలవరు. అక్కడ అందరూ ఆ ఊరివాళ్ళే, ఆ పేరుతో ఒకడిని ఇంకొకడి నుంచి వేరుచేసి చెప్పలేం. పక్క ఊరికి వెళ్ళి స్థిరపడ్డప్పుడే ఆ పేరు పనికొస్తుంది. అందుకని ఊరి పేరుతో వచ్చిన ఇంటిపేరును ఆ ఊళ్ళో కాకుండా చుట్టూ ఉన్న ఊళ్ళలో వెతకాలి. ఊరు చిన్నదైతే ఆ వలయం కూడా చిన్నదే. పక్కన నాలుగైదు ఊళ్ళవాళ్ళకు తెలిసిన పల్లె పేరు కొలోన్‌లో ఎవరికి తెలుస్తుంది? అక్కడికి వెళ్ళినవాడిని దగ్గర్లోని పెద్ద పట్టణం పేరుతోనో, ప్రాంతం పేరుతోనో పిలుస్తారు. అరుదైన పేరు అరుదుగానే మిగలడానికి సగం కారణం ఇదే: పేరిచ్చిన ఊరు చిన్నది, బయటికొచ్చిన కుటుంబాలు కొన్నే.

మాధవి: సరే, ఇప్పుడు మ్యాప్ ఎలా గీయాలో చెప్పండి. ఏ లెక్క వాడాలి?

శ్రీధర్: టెలిఫోన్ డైరెక్టరీ. జర్మన్ ఇంటిపేర్ల పరిశోధనకు పునాది 2005 నాటి ల్యాండ్‌లైన్ జాబితా. దాదాపు 2 కోట్ల 80 లక్షల ఇళ్ళ కనెక్షన్లు, వాటిలో సుమారు 8.5 లక్షల వేర్వేరు ఇంటిపేర్లు. అందులో చాలా భాగం వేళ్ళ మీద లెక్కపెట్టగలిగేంత అరుదైనవి. ఆ జాబితా ఆధారంగానే కొన్రాడ్ కున్‌త్సె, డమారిస్ న్యూబ్లింగ్ సంపాదకత్వంలో జర్మన్ ఇంటిపేర్ల అట్లాస్ 2009 నుంచి 2018 వరకు ఏడు సంపుటాలుగా వచ్చింది. మైన్జ్ అకాడమీ వాళ్ళ డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువు 2012 నుంచి నడుస్తోంది. అది ఆన్‌లైన్‌లో ఉచితం. ముందు అక్కడ చూడండి. పేరు మీద వ్యాసం ఉంటే సగం పని అయిపోయినట్టే.

మాధవి: 2005 అనే ఎందుకు? ఇప్పటిది తీసుకోవచ్చు కదా.

శ్రీధర్: ఇప్పటి డైరెక్టరీ చాలా పలచబడిపోయింది. మొబైళ్ళు వచ్చాక ల్యాండ్‌లైన్ తీసేసినవాళ్ళు, నంబరు బయటపెట్టనివాళ్ళు పెరిగారు. సాధారణమైన పేరుకైతే ఆ లోటు తెలియదు. అరుదైన పేరుకు పది ఇళ్ళు తగ్గినా మ్యాప్ ఆకారమే మారిపోతుంది. ఇంకో సంగతి: కనెక్షన్ అంటే ఒక ఇల్లు, ఒక మనిషి కాదు. జనం ఎంతమందో తెలియాలంటే కనెక్షన్ల సంఖ్యను రెండున్నర నుంచి మూడుతో హెచ్చవేసి ఒక అంచనాకు వస్తారు. అది అంచనా మాత్రమే. అదే నిజమైన సంఖ్య అన్నట్టు వంశవృక్షంలో రాసుకోకూడదు.

మాధవి: మ్యాపు కూడా రెండు రకాలుగా వస్తుంది. జిల్లాకు ఎన్ని కనెక్షన్లున్నాయో చూపేది ఒకటి, జనాభాలో పది లక్షల మందికి ఎన్ని అని చూపేది ఇంకొకటి. ఏది నమ్మాలి?

శ్రీధర్: రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. ఒట్టి సంఖ్య చూస్తే బెర్లిన్, హాంబుర్గ్ ఎప్పుడూ ముదురు రంగులోనే ఉంటాయి. జనం ఎక్కువ కాబట్టి అక్కడ ఏ పేరైనా కొంత దొరుకుతుంది. నిష్పత్తి చూస్తే దానికి ఎదురు తప్పు. జనం తక్కువున్న జిల్లాలో ఒకే తండ్రి కొడుకులు ముగ్గురు మూడు ఫోన్లు పెట్టుకుంటే ఆ జిల్లా ఎర్రగా మండిపోతుంది. రెండు మ్యాపుల్లోనూ ఒకే చోట ముదురు రంగు ఉంటే, దాని పక్క జిల్లాల్లో కూడా లేత రంగు పరుచుకుని ఉంటే, అది నిజమైన కేంద్రం. చుట్టూ ఏమీ లేకుండా ఒంటరిగా వెలిగే జిల్లాను అనుమానించండి. అది ఈమధ్య వలస వచ్చిన కుటుంబం కావచ్చు.

మాధవి: అసలు కేంద్రమే కనబడకపోతే? దేశమంతా చల్లినట్టు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే?

శ్రీధర్: అప్పుడు తూర్పు వైపు చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, ఆ తర్వాత సైలీషియా, తూర్పు ప్రష్యా, పొమరేనియా, సుడేటన్ ప్రాంతాల నుంచి కోటికి పైగా జర్మన్లను వెళ్ళగొట్టారు. వాళ్ళు వచ్చి పశ్చిమాన ఎక్కడ చోటు దొరికితే అక్కడ పడ్డారు. వాళ్ళ ఇంటిపేర్లకు నేటి జర్మనీ మ్యాప్‌లో కేంద్రం ఉండదు, ఆ కేంద్రం ఇప్పుడు పోలండ్‌లోనో చెక్ దేశంలోనో ఉంది. అలాంటి పేరుకు 1942 నాటి టెలిఫోన్ డైరెక్టరీ తీసుకోవాలి. అప్పట్లో ఫోన్లున్న ఇళ్ళు తక్కువ, అందులో దుకాణాలవాళ్ళు, డాక్టర్లే ఎక్కువ. అయినా జిల్లా ఏదో తేల్చుకోవడానికి సరిపోతుంది. రోకెన్‌ఫెల్లర్‌కు ఈ తిప్పలు లేవు. పేరు రైన్ వదలలేదు.

మాధవి: జిల్లా తెలిసింది. ఇక ఊరు. ఇప్పుడు మొబైల్‌లో చూసే మ్యాపుల్లో వెతికితే పాడుబడ్డ పల్లెలు సరిగ్గా దొరకవు. దానికి 1912 నాటి మేయర్స్ గెజటీర్ అనే ఊళ్ళ నిఘంటువు వాడండి. జర్మన్ సామ్రాజ్యంలో ఉన్న చిన్న చిన్న పల్లెలు, విడిగా ఉన్న మిల్లులు, ఒంటి ఇళ్ళు కూడా అందులో ఉంటాయి. ఏ జిల్లా, చర్చి ఉందా, రిజిస్ట్రీ ఆఫీసు ఏ ఊళ్ళో, అన్నీ సంక్షిప్తాక్షరాల్లో ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. అదే పేరుతో ఎన్ని ఊళ్ళున్నాయో లెక్కపెట్టాలి. నొయ్‌కిర్షెన్ లాంటి పేరుతో బోలెడన్ని ఊళ్ళు. ఆ ఊరి పేరుతో వచ్చిన ఇంటిపేరు పది చోట్ల పదిసార్లు విడివిడిగా పుట్టి ఉంటుంది. మూలం ఒకటే అనడానికి వీల్లేదు.

శ్రీధర్: ఊరు దొరికాకే అర్థం దగ్గరికి రావాలి. రోకెన్‌ఫెల్డ్‌లో రోకెన్ అంటే రై, గోధుమ లాంటి ధాన్యం. మధ్యయుగపు జర్మన్‌లో రై పేరు 'రొకె'. నేటి 'రొగెన్' అనే రూపం తర్వాత ఉత్తరాది ప్రభావంతో స్థిరపడింది. పొలం పేరు కాబట్టి కదురుకర్ర కన్నా ధాన్యమే కుదురుతుంది. కానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది ఊరి పేరుకు అర్థం. ఆ ఇంటిపేరు మొదట పెట్టుకున్నవాడు రై పండించాడని ఎంతమాత్రమూ కాదు. అతను కమ్మరి కావచ్చు, మిల్లు నడిపినవాడు కావచ్చు.

మాధవి: ఇక రికార్డులు. నొయ్‌వీడ్ పట్టణం పుట్టిందే 1653లో. దానికి ముందు పుట్టినవాళ్ళను నొయ్‌వీడ్ రిజిస్టర్లలో వెతికితే ఏమీ దొరకదు. పక్కనున్న ఫెల్డ్‌కిర్షెన్ లాంటి పాత చర్చి పుస్తకాల్లో చూడాలి. ఆ ప్రాంతాన్ని ఏలిన వీడ్ కౌంట్ల సొంత గడ్డ ప్రొటెస్టెంటు ప్రాంతం కాబట్టి ప్రొటెస్టెంటు చర్చి పుస్తకాలుండే ఆర్కియాన్ అనే పోర్టల్, డబ్బు కట్టి చూడాలి. కాథలిక్ ప్రాంతమైతే మట్రిక్యులా అనే పోర్టల్ చూడండి, అది ఉచితం, కానీ అన్ని డయాసిస్‌లూ, అంటే బిషప్‌ల పరిధులూ, అందులో లేవు. ప్రష్యాలో ప్రభుత్వ రిజిస్ట్రీ 1874 అక్టోబరు 1న, సామ్రాజ్యం మొత్తానికి 1876 జనవరి 1న మొదలైంది. అంతకు ముందుదంతా ఎక్కువచోట్ల చర్చి పుస్తకమే.

శ్రీధర్: ఇంటిపేరు స్పెల్లింగ్ గట్టిపడింది కూడా ఆ రిజిస్ట్రీ ఆఫీసులు వచ్చాకే. అంతకు ముందు పాస్టరు ఎలా వింటే అలా రాసేవాడు. ఒకే మనిషికి బాప్తిస్మం నాడు ఒక స్పెల్లింగ్, పెళ్ళి నాడు ఇంకొకటి.

మాధవి: ఆ పుస్తకాల్లో ఎక్కడ పొరపాటు జరుగుతుందో కూడా చెప్పాలి. మొదటిది, కుర్రెంట్ అనే పాత చేతిరాత. అందులో 'ఎ' (e) అక్షరం అచ్చం 'న్' (n) లాగా ఉంటుంది. రోకెన్‌ఫెల్లర్‌లో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఇండెక్స్ చేసినవాళ్ళు తప్పు చదవడం చాలా సులువు. కంప్యూటర్ సెర్చ్‌లో దొరకలేదంటే లేదని కాదు, పుటలు తిప్పాల్సిందే. రెండోది, ఆడవాళ్ళ పేరు చివర 'ఇన్' చేరుస్తారు, రోకెన్‌ఫెల్లరిన్ అని. అది వేరే ఇంటిపేరు కాదు. మూడోది, యోహాన్. ఒకే ఇంట్లో యోహాన్ పేటర్, యోహాన్ విల్హెల్మ్, యోహాన్ గేయోర్గ్, ముగ్గురూ యోహాన్‌లే. ఇంట్లో పిలిచేది రెండో పేరుతో. ఆ రెండో పేరు పట్టించుకోకపోతే అన్న పిల్లల్ని తమ్ముడికి అంటగడతారు. ఇక తేదీలు: ప్రొటెస్టెంటు ప్రాంతాలు కొత్త క్యాలెండర్‌కు మారింది 1700లో. ఫిబ్రవరి 18 తర్వాత నేరుగా మార్చి 1. అంతకు ముందు తేదీలకూ పక్కనున్న కాథలిక్ ఊళ్ళ తేదీలకూ పది రోజుల తేడా ఉంటుంది.

శ్రీధర్: యోహాన్ అన్నారు కాబట్టి, అమెరికా శాఖ మూలపురుషుడు యోహాన్ పేటర్. 1723 ప్రాంతంలో ఫిలడెల్ఫియా వెళ్ళి, న్యూజెర్సీలో స్థిరపడ్డాడు. ఆయన ఓడ పేరు కోసం వలస జాబితాలు తిరగేసేవాళ్ళు చాలామంది. ఆ జాబితాల్లో దొరకడు. ఫిలడెల్ఫియాలో దిగే జర్మన్ల పేర్లు రాసుకోవడం మొదలైంది 1727 సెప్టెంబరులో.

మాధవి: మరి మధ్యలో ఉన్న 'న్' అమెరికాలో ఎలా పోయింది? అధికారులు మార్చేశారని అంటారు.

శ్రీధర్: ఆ మాట దాదాపు ప్రతి వలస పేరుకూ చెబుతారు. ఇక్కడ అవసరం లేదు. రైన్ ప్రాంతపు నోట్లో పదం మధ్యలోని 'ఎన్' ఎలాగూ 'ఎ' లాగే పలుకుతుంది. ఇంట్లో అన్నదే రోకెఫెల్లర్, జర్మనీలో పాస్టరు మాత్రం పుస్తకభాషలో 'న్' పెట్టి రాశాడు. ఇంగ్లిష్ గుమాస్తా విన్నది విన్నట్టు రాశాడు. అందుకే నేడు 'న్' ఉన్న రూపం జర్మనీలో, లేని రూపం అమెరికాలో ఎక్కువ.  

మాధవి: జర్మనీలో ఈ పేర్లు ఇంకా తగ్గుతాయా?

శ్రీధర్: చాలాకాలం తగ్గడానికే చట్టం ఉండేది. భార్యాభర్తలు ఏ పేరో తేల్చుకోకపోతే భర్త పేరే కుటుంబం పేరయ్యేది. 1991 మార్చిలో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. 2025 మే 1 నుంచి దంపతులిద్దరూ రెండు పేర్లు కలిపి పెట్టుకోవచ్చు, పిల్లలకూ ఇవ్వొచ్చు. కూతుళ్ళే ఉన్న ఇళ్ళలో అరుదైన పేరు ఇంకో తరం నిలవడానికి ఇది నిజంగా మంచి మార్పు.

మాధవి: చివరిగా ఒకటి. ఇద్దరు రోకెన్‌ఫెల్లర్లు కలిస్తే, ఊరు ఒకటే కాబట్టి బంధువులమే అనుకోవచ్చా?

శ్రీధర్: కూడదండీ. ఆ పల్లె నుంచి సంబంధం లేని రెండు కుటుంబాలు వేర్వేరు దశాబ్దాల్లో బయటికొచ్చినా ఇద్దరికీ అదే పేరు పడుతుంది. చర్చి పుస్తకాల్లో రెండు శాఖలనూ వెనక్కి తీసుకెళ్ళి, ఒకే తల్లిదండ్రుల నమోదు దగ్గర కలపాలి. రిజిస్ట్రీ కాగితాలు అందరికీ తెరిచేది జననాలకు 110, పెళ్ళిళ్ళకు 80, మరణాలకు 30 ఏళ్ళు దాటాకే. అంతకన్నా కొత్తవి కావాలంటే నేరుగా వారసులమని రుజువు జతచేసి, అవి ఉన్న రిజిస్ట్రీ ఆఫీసుకు రాయాలి. పేరు, తేదీ, ఊరు తెలిస్తే మూడూ రాయండి. తేదీ సరిగ్గా తెలియకపోతే ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా వెతకాలో చెప్పండి. వెతికే సమయానికి కూడా రుసుము పడుతుంది.