ఫోన్-ఇన్: సముద్ర క్షీరదాలు ఎదురైనప్పుడు ఎలా మెలగాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. తిమింగలాలు, డాల్ఫిన్లు, సీల్‌ల వంటివి ఎదురైనప్పుడు ఎలా మెలగాలన్న సందేహాలకు సముద్ర జీవశాస్త్ర పరిశోధకురాలు ఈ రోజు సమాధానాలు చెబుతారు. మొదటి శ్రోత లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్కారమండీ. ఇటీవల మా పడవ వెంట డాల్ఫిన్లు చాలాసేపు ఈదాయి. వాటంతట అవే దగ్గరికి వస్తే మా తప్పేముంది?

నిపుణురాలు: తప్పేమీ లేదండీ. పడవ ముందు లేచే అలపై సాగిపోవడం డాల్ఫిన్లకు అలవాటే. అప్పుడు వేగమూ దిశా మార్చకుండా మీ దారిన మీరు సాగిపోతే చాలు. ఇంకాసేపు ఉంచుకుందామని వాటి చుట్టూ తిరిగినా, తప్పుకున్న వాటి వెంటపడినా అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆస్ట్రేలియా మార్గదర్శకాల ప్రకారం పడవలు తిమింగలాలకు 100 మీటర్ల కన్నా, డాల్ఫిన్లకు 50 మీటర్ల కన్నా దగ్గరికి పోకూడదు. వాటి వెంట పిల్లలు ఉంటే ఇంకా దూరంగా ఉండాలి. దేశాన్ని బట్టి నిబంధనలు మారతాయి కనుక బయలుదేరే ముందే కనుక్కోవాలి. అయితే నన్నడిగితే, మీటర్ల లెక్క కన్నా జంతువు నడవడికే నమ్మదగిన కొలత. అంతవరకు తాపీగా ఈదుతున్నది ఉన్నట్టుండి దారి మళ్ళించుకున్నా, మునిగితే చాలాసేపటికి గాని పైకి రాకపోయినా, తోకతో నీటిని పదేపదే కొడుతున్నా, తల్లి తన పిల్లకూ పడవకూ మధ్యకు వచ్చినా, మీరు అప్పటికే మరీ దగ్గరైపోయారన్నమాట. ఇంజిన్‌ను న్యూట్రల్‌లో ఉంచి, అవి దాటిపోయాక మెల్లగా తప్పుకోండి.

శ్రోత: నీటిలోకి దిగి వాటితో పాటు ఈదవచ్చా?

నిపుణురాలు: స్పిన్నర్ డాల్ఫిన్లనే తీసుకోండి. అవి రాత్రంతా లోతు నీటిలో వేటాడి, పగలు తీరానికి దగ్గరగా ఉన్న నీటిలో విశ్రమిస్తాయి. నిద్రలోనూ ఈదుతూనే ఉంటాయి కాబట్టి మనకు మెలకువగా ఉన్నట్టే కనిపిస్తాయి. వచ్చిన ప్రతి పడవ నుంచీ నలుగురు దిగితే వాటికిక కునుకెక్కడిది? ఈ కారణంగానే హవాయిలో 2021లో వాటికి 50 గజాల లోపు వెళ్ళడాన్ని నిషేధించారు.

వ్యాఖ్యాత: రెండవ శ్రోత, చెప్పండి.

శ్రోత: మేము పట్టిన చేపల్లో ఒకటి రెండు వాటికి వేయవచ్చా?

నిపుణురాలు: వద్దండీ. పడవ కనిపిస్తే తిండి దొరుకుతుందని నేర్చుకున్న డాల్ఫిన్ గాలాలకూ ప్రొపెల్లర్లకూ దగ్గరగా వచ్చి గాయపడుతుంది. అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరద రక్షణ చట్టం కింద ఇలా మేత వేయడం నేరం కూడా.

వ్యాఖ్యాత: చివరి శ్రోత కాస్త తొందరలో ఉన్నట్టున్నారు.

శ్రోత: అవునమ్మా. ఒడ్డున సీల్ పిల్ల ఒక్కటే పడి ఉంది. తిరిగి నీటిలోకి నెట్టేద్దామని అందరూ అంటున్నారు.

నిపుణురాలు: దయచేసి నెట్టనివ్వకండి. సీల్‌లు విశ్రాంతికి ఒడ్డెక్కడం సహజం; తల్లి పిల్లను అక్కడ వదిలి వేటకు వెళ్ళి ఉండవచ్చు, చుట్టూ జనం ఉంటే అది తిరిగి రావడానికి జంకుతుంది. ముట్టుకుంటే పిల్ల అయినా గట్టిగా కరుస్తుంది, ఆ గాటు చీము పట్టవచ్చు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ సంగతి వేరు. దానికి సాయం వెంటనే కావాలి. సహాయక బృందం వచ్చేలోగా తడి గుడ్డ కప్పవచ్చు గాని, తలపైనున్న ఊపిరి రంధ్రాన్ని మూయకూడదు, తోక పట్టి లాగకూడదు. మీ దగ్గరున్న పిల్లకు గాయాలేమైనా కనిపిస్తున్నాయా?

శ్రోత: లేవమ్మా. కళ్ళు తెరిచి చూస్తోంది. పక్కన ఎవరిదో కుక్క మొరుగుతోంది.

నిపుణురాలు: అయితే ముందు ఆ కుక్కను తీసుకెళ్ళమనండి. తరువాత జనాన్ని వెనక్కి పంపి, అక్కడి వన్యప్రాణి సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, దూరం నుంచే కనిపెట్టి ఉండండి.

శ్రోత: సరేనమ్మా, ఈ ఫోన్ పెట్టేసి వాళ్ళకే చేస్తాను.