బాక్టీరియా పైలస్: జన్యువులు దాటే గొట్టం

[తెరపై: ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల చెరువు. ఏరియేటర్లు తిరుగుతున్నాయి.]

నెల్లూరు తీరంలో రొయ్యలు సాగు చేసే రైతులకు విబ్రియో అనే బాక్టీరియా పేరు కొత్త కాదు. వాటిలో విబ్రియో పారాహీమోలిటికస్ అనే జాతి, దాదాపు 70,000 బేస్ జతల ప్లాస్మిడ్ (ప్రధాన క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) ఒకటి తనలో ఉన్నప్పుడు, పిర్-ఎ, పిర్-బి అనే విష ప్రోటీన్లను తయారుచేసి రొయ్య జీర్ణావయవమైన హెపటోపాంక్రియాస్‌ను దెబ్బతీస్తుంది. ఆ ప్లాస్మిడ్‌లో విషపు జన్యువులతో పాటు, మరో కణానికి తరలిపోవడానికి సంబంధించిన జన్యువులూ ఉన్నాయి. ఈ తరలింపు అణుస్థాయిలో ఎలా జరుగుతుందో అన్నిటికన్నా వివరంగా తెలిసింది ఈ.కోలై అనే పేగుల బాక్టీరియాలో కనుక, దానినే పరిశీలిద్దాం.

[తెరపై: ఎఫ్ పైలస్ అడ్డుకోత.]

ఈ.కోలైలో సంయుగ్మాన్ని, అంటే ఒక కణం తన డీఎన్‌ఏను మరో కణానికి నేరుగా అందించడాన్ని, శాస్త్రవేత్తలు లెడర్‌బర్గ్, టాటమ్ 1946లో వెల్లడించారు. దాత కణం బయటికి చాచే సన్నని పోగే ఎఫ్ పైలస్. దీని వెలుపలి వ్యాసం సుమారు 8.7 నానోమీటర్లు, లోపలి ఖాళీ 2.8 నానోమీటర్లు. ట్రా-ఎ అనే 70 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ప్రతులు, ఐదు పేటల తాడు పేనినట్టు మెలికలుగా అమరి ఈ గొట్టాన్ని కడతాయి.

2016లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ (నమూనాను అతిశీతలంగా గడ్డకట్టించి చూసే పద్ధతి) బయటపెట్టిన విషయం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది: ఒక్కొక్క ప్రోటీన్‌కు ఒక్కొక్క ఫాస్ఫోలిపిడ్ (తల, తోకలున్న కణపొర కొవ్వు) అణువు జతగా ఉంది. లిపిడ్ తోకలు ప్రోటీన్ల మధ్య ఇరుక్కుని ఉండగా, తలలు గొట్టం లోపలి వైపు తిరిగి ఉంటాయి. ప్రోటీన్ ఒక్కటే ఉంటే లోపలి గోడ గట్టి ధనావేశంతో ఉండి, ఋణావేశం గల డీఎన్‌ఏను పట్టేసుకునేది. లిపిడ్ తలల వల్ల ఆ గోడ స్వల్ప ఋణావేశానికి మారుతుంది కనుక డీఎన్‌ఏ అంటుకోకుండా జారిపోగలదు.

[తెరపై: రెండు కణాలు, మధ్య పైలస్.]

ట్రా-ఐ అనే ఎంజైమ్ ప్లాస్మిడ్‌లో ఒక పోగును కోసి, దాని కొనకు తానే అతుక్కుని, ఆ ఒంటిపోగుతో పాటు అవతలి కణంలోకి వెళుతుంది. చాలాసార్లు పైలస్ కుంచించుకుని కణాలను దగ్గరికి లాగుతుంది. దూరంగా ఉన్న కణాల మధ్య కూడా పైలస్ ద్వారానే డీఎన్‌ఏ వెళ్లగలదని 2023లో వచ్చిన ప్రయోగాలు చూపాయి. వచ్చిన పోగుకు గ్రహీత జతపోగును తయారుచేసుకున్నాక, అదీ పైలస్ చాచగల దాత అవుతుంది. ఆ ప్లాస్మిడ్‌లో మందును తట్టుకునే జన్యువు ఉంటే, చెరువులో చల్లిన యాంటీబయాటిక్‌కు మిగతావి చనిపోయినా ఈ కణాలు మిగులుతాయి, ఆ జన్యువును పక్క కణాలకు అందిస్తూనే ఉంటాయి.