ఎలిరాన్ బర్ర్‌మంటోందా? ముందు లూజు వెతకండి

ఫుల్ థ్రాటిల్‌లో (ఇంజిన్ పూర్తి వేగంలో) మీ రేడియో కంట్రోల్ మోడల్ విమానం కిందికి దూసుకొస్తుంటే ఒక్కసారిగా బర్ర్‌మని చప్పుడు వినిపించిందా? ఎలిరానో (రెక్క వెనక అంచున కదిలే పలక), ఎలివేటరో (తోక దగ్గరుండే అలాంటి పలక) గాలిలో పైకీ కిందికీ టపటపా కొట్టుకుంటోందన్నమాట. అదే ఫ్లటర్. రెండు మూడు సెకన్లు చాలు, హింజ్‌లు (పలకను పట్టుకునే బందులు) ఊడిపోవడానికి, సర్వో (పలకను కదిపే చిన్న మోటారు) గేర్ పళ్లు రాలిపోవడానికి.

ఇది జరగ్గానే చాలామంది ఇంకా బలమైన సర్వో కొంటారు. దయచేసి తొందరపడకండి. టార్క్ (తిప్పే బలం) ఎంత ఉన్నా లింకేజీలో (సర్వోను పలకకు కలిపే భాగాల్లో) లూజు ఉంటే ఫ్లటర్ రావచ్చు.

ప్రొపెల్లర్ తీసేసి, ట్రాన్స్‌మిటర్, రిసీవర్ ఆన్ చేయండి. ఎలిరాన్ వెనక అంచును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదపండి. సర్వో ఆర్మ్ (సర్వో మీద తిరిగే చిన్న చేయి) కదలకుండా ఎలిరాన్ ఒక్కటే కదిలితే, లూజు క్లెవిస్‌లోనో (పుష్‌రాడ్ కొసనుండే క్లిప్పు), హార్న్ (ఎలిరాన్‌కు బిగించిన కొమ్ములాంటి ముక్క) రంధ్రంలోనో ఉంది. ఆర్మ్ కూడా కదిలితే సర్వో గేర్లు, దాని స్క్రూలు చూడండి. పుష్‌రాడ్ (సర్వో ఆర్మ్‌ను హార్న్‌కు కలిపే కడ్డీ) విల్లులా వంగుతోందా? మందమైన రాడ్ వేయండి, లేదా మధ్యలో ఒక ఆధారం ఇవ్వండి.

ఇక అసలు కీలకం ఇక్కడుంది. పుష్‌రాడ్ సర్వో ఆర్మ్ లోపలి రంధ్రంలో, కంట్రోల్ హార్న్ బయటి రంధ్రంలో ఉండాలి. లెక్క చూడండి: హింజ్ నుంచి వెనక అంచు దాకా ఎలిరాన్ వెడల్పు 50 మి.మీ., పుష్‌రాడ్ దగ్గర లూజు అర మి.మీ. అనుకుందాం. హార్న్ రంధ్రం హింజ్ నుంచి 10 మి.మీ. ఎత్తులో ఉంటే వెనక అంచు 2.5 మి.మీ. ఆడుతుంది. 20 మి.మీ. ఎత్తులో ఉంటే 1.25 మాత్రమే. పొడవాటి ఆర్మ్ వేసి ట్రాన్స్‌మిటర్‌లో త్రో (ఎలిరాన్ కదిలే దూరం) 40 శాతానికి తగ్గించేస్తే కదలిక తగ్గుతుందే తప్ప లూజు అలాగే ఉంటుంది. త్రోను రంధ్రాలు మార్చి సరిచేయండి, మిగిలిన కొంచెం ట్రాన్స్‌మిటర్‌లో.

హింజ్ సందు కూడా మూసేయండి. ఎలిరాన్‌ను పూర్తిగా పైకెత్తి, కింది వైపు పారదర్శకమైన టేపును సందులోపలికి నొక్కి అంటించండి. అప్పుడు కదలికకు అడ్డు రాదు.

వేగంగా ఎగిరే మోడళ్లకు ఇది చాలకపోవచ్చు. వాటికి హింజ్ గీతకు ముందు బరువు పెట్టి ఎలిరాన్‌ను బ్యాలెన్స్ చేయాలి. వెనక అంచున రిపేరు జిగురు, రంగు పేరుకుపోతే ఆ బ్యాలెన్స్ చెడుతుందని మాత్రం మరవకండి.

గాలిలో ఉండగా చప్పుడొస్తే వెంటనే థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, మెల్లగా ముక్కు పైకెత్తి వేగం తగ్గించండి. నెమ్మదిగా దింపండి. దిగాక ప్రతి హింజ్‌నూ లాగి చూడండి, సర్వో గేర్లు విప్పి చూడండి. కారణం దొరికేదాకా మళ్లీ ఎగరేయొద్దు.