మొత్తం ముందా, పద్దులు ముందా: స్వీడన్, ఫ్రాన్స్ ఖర్చుల కథ

అందరికీ నమస్కారం. 1993లో స్వీడన్ ప్రభుత్వ ఖర్చు ఆ దేశ జీడీపీలో మూడింట రెండు వంతులు దాటింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో 55 శాతం దాకా ఉంది. ముప్పై ఏళ్లు గడిచాక చూస్తే స్వీడన్ 50కి కాస్త అటూ ఇటూగా ఉంది, ఫ్రాన్స్ 57 దగ్గరుంది. సంక్షేమం అంటే స్వీడనే అని చదువుకున్న మాబోటి వాళ్లకు ఇది ఒక పట్టాన మింగుడుపడదు.

అయితే శాతం అన్నాక పైన ఒక అంకె, కింద ఒక అంకె ఉంటాయి. 1991 నుంచి వరసగా మూడేళ్లు స్వీడన్ జీడీపీ తగ్గింది. బ్యాంకులు కుదేలయ్యాయి, నిరుద్యోగ భృతి పెరిగిపోయింది. 1992 సెప్టెంబరులో తమ కరెన్సీ క్రోనా విలువ నిలబెట్టడానికి కేంద్ర బ్యాంకు వడ్డీని 500 శాతానికి పెంచింది. మీరు విన్నది నిజమే, అయిదు వందలు! నవంబరులో చేతులెత్తేసింది. అంటే ఆ పెద్ద శాతంలో కొంత మాంద్యం చలవే. ఐర్లండ్‌లో దీనికి తలకిందులు. 2015లో బహుళజాతి కంపెనీల లెక్కల వల్ల అక్కడి జీడీపీ ఒక్క ఏడాదిలో దాదాపు పాతిక శాతం పెరిగింది. ఖర్చు కోయకుండానే శాతం పడిపోయింది. అందుకే ఈ పోలికలోకి ఐర్లండ్‌ను తీసుకురాలేదు.

స్వీడన్‌లో శాతం తగ్గడంలో మిగతా భాగం పద్ధతి మార్చుకోవడం వల్ల వచ్చింది. మన ఇళ్లలో పెళ్లి ఖర్చు చూడండి. మండపం, భోజనాలు, బట్టలు విడివిడిగా ఒప్పుకుంటూ పోతే చివరికి తేలే మొత్తం చూసి కళ్లు తిరుగుతాయి. స్వీడన్ పార్లమెంటు కూడా అలాగే పద్దు తర్వాత పద్దు పాస్ చేసేది. 1997 బడ్జెట్ నుంచి వరస తిరగేశారు. ముందు మొత్తం తేల్చి, దాన్ని 27 పద్దులకు పంచుతారు. తర్వాత ఒకచోట పెంచాలంటే అదే పద్దులో ఇంకోచోట కోయాలి.

పెన్షన్ల మీద 1994లోనే అయిదు పార్టీలు ఒక మాట మీదికొచ్చాయి. కట్టినదాన్ని బట్టే పెన్షన్. ఆయుర్దాయం పెరిగితే నెలకు వచ్చేది తగ్గుతుంది. వ్యవస్థలో లోటు వస్తే కోత దానంతటదే పడుతుంది. 2010లో పడింది కూడా.

ఫ్రాన్స్‌లో 1974 తర్వాత బడ్జెట్ ఒక్కసారీ సమతూకంలో లేదు. పెన్షన్లకే జీడీపీలో 14 శాతం దాకా పోతుంది. అది ఉత్త దుబారా అంటే నేను ఒప్పుకోను, వృద్ధుల్లో పేదరికం స్వీడన్ కంటే అక్కడే తక్కువ. చిక్కల్లా మార్పు దగ్గరే. 2023లో పెన్షన్ వయసు 62 నుంచి 64కు పెంచడానికి, దిగువ సభలో బిల్లుపై ఓటింగ్ లేకుండా నెట్టుకొచ్చే 49.3 అధికరణను వాడారు. వీధులు భగ్గుమన్నాయి. 2025లో ప్రధాని బైరూ 4,400 కోట్ల యూరోల పొదుపు ప్రణాళిక తెచ్చారు. అందులో రెండు పండగ సెలవుల రద్దు కూడా ఉంది. సెప్టెంబరులో విశ్వాస పరీక్షలో ఓడిపోయి దిగిపోయారు. తర్వాత వచ్చిన లెకోర్ను కుర్చీ ఎక్కిన వారంలోపే ఆ రెండు సెలవుల జోలికి పోనని ప్రకటించారు.